రహస్యపేటిక

పాఠ్యభాగ పరిచయం

నేటి విద్యార్థికి బ్యాంకు ఖాతా, ఈ-మెయిలు, పరీక్షల దరఖాస్తు, ఉపకారవేతనం అన్నీ సంకేతపదాలతోనే ముడిపడి ఉన్నాయి. పాస్‌వర్డ్ అని అందరూ పిలిచే ఈ సంకేతపదాలను భద్రపరచడానికి పాస్‌వర్డ్ మేనేజర్లు అనే సాధనాలు వచ్చాయి. అవి మన రహస్యాలను ఎక్కడ దాచుతాయి, ఎలా దాచుతాయి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. శాస్త్రవిషయాన్ని సరళంగా చదివి, హేతుబద్ధంగా ఆలోచించి, సొంతంగా ఒక నిర్ణయానికి రావడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

సుందరకాండలో ఒక సన్నివేశం ఉంది. అశోకవనం నుండి హనుమంతుడు తిరిగివెళ్లే వేళ, తాను సీతను చూచినట్లు శ్రీరాముడు నమ్మేందుకు ఏదైనా గుర్తు ఇమ్మని కోరాడు. అప్పుడు సీతాదేవి రెండు గుర్తులను ఇచ్చింది. చిత్రకూటంలో జరిగిన కాకాసురుని వృత్తాంతం మొదటిది. అది ఆ దంపతులకు మాత్రమే తెలిసిన విషయం. చూడామణి రెండవది. అది ఆమె వద్ద మాత్రమే ఉన్న వస్తువు. ఇటువంటి గుర్తునే మన పూర్వులు ‘అభిజ్ఞానం’ అన్నారు. మనిషిని పోల్చుకోవడానికి అతనికి మాత్రమే తెలిసిన మాట ఒకటి, అతని వద్ద మాత్రమే ఉన్న వస్తువు ఒకటి చాలునన్న సూక్ష్మం ఇందులో ఉంది. నేటి కంప్యూటర్ల ప్రపంచం ఈ సూక్ష్మం మీదనే నడుస్తున్నది. సంకేతపదం మనకు తెలిసిన మాట. సెల్‌ఫోన్‌కు వచ్చే ఓటీపీ మన వద్ద ఉన్న వస్తువుకు గుర్తు.

కంప్యూటరు లోకంలో సంకేతపదం చరిత్ర 1961లో ఆరంభమైందని చెప్పవచ్చు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో నాయకత్వాన ఒకే కంప్యూటరును పలువురు పంచుకొని వాడుకొనే వ్యవస్థ రూపొందింది. ఎవరి పత్రాలు వారికే దక్కాలి గనుక ఒక్కొక్కరికి ఒక్కొక్క సంకేతపదం ఇచ్చారు. ఆ పదాలన్నింటినీ కంప్యూటరులోనే ఒక పట్టికగా, ఉన్నవి ఉన్నట్లుగా దాచారు. మరుసటి సంవత్సరమే, అంటే 1962లో, తనకు కేటాయించిన సమయం చాలని అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి ఆ పట్టికను అచ్చువేయించి చేజిక్కించుకొన్నాడు. సంకేతపదం పుట్టిన మరుసటి ఏడే దాని చోరీ కూడ పుట్టిందన్నమాట. తాళం ఎంత గట్టిదైనా, తాళపుచెవులన్నీ ఒకేచోట బహిరంగంగా వేలాడుతుంటే ప్రయోజనం ఏమున్నది?

ఈ లోపానికి విరుగుడును రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనే శాస్త్రజ్ఞులు 1979లో ప్రకటించిన వ్యాసంలో వివరించారు. సంకేతపదాన్ని ఉన్నదున్నట్లుగా దాచక, గణితప్రక్రియ ద్వారా దానిని మరొక రూపానికి మార్చి, ఆ రూపాన్ని మాత్రమే భద్రపరచాలన్నది అందులోని సారాంశం. ఈ మార్పు ఒకవైపు మాత్రమే సాగుతుంది. పసుపుకొమ్మును దంచితే పొడి అవుతుంది గాని, పొడిని తిరిగి కొమ్ముగా మార్చలేము. మనం సంకేతపదం ఇచ్చినప్పుడల్లా కంప్యూటరు దానిని మళ్లీ ‘దంచి’, వచ్చిన పొడిని పాతపొడితో పోల్చుకొంటుంది. సరిపోతే తలుపు తెరుస్తుంది. ఈ ‘పొడి’కే హ్యాష్ అని పేరు. అసలు పదం కంప్యూటరు వద్ద ఉండనే ఉండదు. అయినప్పటికీ ఈ జాగ్రత్తను పాటించని సంస్థలు అనేకం. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుండి సుమారు 3 కోట్ల 20 లక్షల సంకేతపదాలు బయటపడ్డాయి. అవన్నీ ఏ మార్పూ లేకుండా దాచినవే.

ఇటువంటి చోరీ జరిగినప్పుడు నష్టం ఆ ఒక్క సంస్థతో ఆగదు. ఒకే సంకేతపదాన్ని పదిచోట్ల వాడే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆటల వెబ్‌సైట్‌లో దొరికిన పదాన్ని దొంగలు బ్యాంకులోను, ఈ-మెయిలులోను ప్రయోగించి చూస్తారు. ఈ-మెయిలు వారి చేతికి చిక్కితే మిగిలిన ఖాతాల పదాలను కూడ మార్చివేయగలరు. కావున ప్రతి ఖాతాకు వేరువేరు పదం ఉండాలి. ప్రతి పదం పొడవుగా, ఊహకు అందనిదిగా ఉండాలి. నలభై ఖాతాలకు నలభై అర్థరహిత పదాలను గుర్తుంచుకోవడం అష్టావధానికైనా సులభం కాదు. ఈ అవసరంలో నుండే పాస్‌వర్డ్ మేనేజర్ పుట్టింది.

పాస్‌వర్డ్ మేనేజర్ అంటే సంకేతపదాల భాండాగారం. అందులోని పదాలన్నింటికి తాళంగా ఒకే ఒక మూలసంకేతం ఉంటుంది. మనం గుర్తుంచుకోవలసింది దానిని మాత్రమే. ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. భాండాగారంలో కూడ సంకేతపదాలను హ్యాష్‌గా ‘పొడి’ చేసి దాచవచ్చును కదా? కుదరదు. వెబ్‌సైటుకు మనమిచ్చిన పదం సరైనదో కాదో తెలిస్తే చాలు. భాండాగారం అయితే దాచిన పదాన్ని యథాతథంగా మనకు తిరిగి ఇవ్వాలి. అందువలన ఇక్కడ దంచడం పనికిరాదు, తాళం వేయడమే మార్గం. ఆ తాళమే గుప్తీకరణ, అనగా ఎన్‌క్రిప్షన్.

గుప్తలిపి మన సంప్రదాయానికి కొత్త కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో గూఢచారుల వార్తలను సంజ్ఞాలిపితో పంపమన్నాడు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరవైనాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పం అనే రహస్యలేఖన విద్య ఒకటి. అయితే పాతకాలపు గుప్తలిపులలో పద్ధతి బయటపడితే రహస్యం కూడ బయటపడేది. 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే భాషాశాస్త్రజ్ఞుడు ఒక గొప్ప సూత్రం చెప్పాడు. పద్ధతి శత్రువుకు పూర్తిగా తెలిసినా సరే, తాళపుచెవి తెలియనంతవరకు రహస్యం నిలవాలన్నది ఆ సూత్రం. నేటి పాస్‌వర్డ్ మేనేజర్లలో అధికభాగం వాడే ఏఈఎస్ అనే పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. బెల్జియం దేశస్థులైన యోవాన్ డామెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించిన ఈ పద్ధతిని అమెరికా ప్రభుత్వం 2001లో ప్రామాణికంగా ప్రకటించింది. దాని ప్రత్యక్షరం బహిరంగమే. ఎవరైనా చదువవచ్చు. అయినా తాళపుచెవి లేకుండా, ఆ పద్ధతినే ఛేదించి లోపలి మాటను బయటికి తీయగల ఆచరణయోగ్యమైన మార్గం ఇంతవరకు దొరకలేదు.

అయితే ఆ తాళపుచెవి ఎక్కడ ఉంటుంది? మూలసంకేతంలో నుండే అది పుడుతుంది. మనం మూలసంకేతాన్ని టైపు చేయగానే కంప్యూటరు దానిని గణితప్రక్రియలో లక్షలసార్లు తిప్పి, చివరికి వచ్చిన సంఖ్యను తాళపుచెవిగా వాడుతుంది. పని ముగిసిన తరువాత ఆ చెవి ఎక్కడా మిగిలి ఉండకూడదు. అన్నిసార్లు తిప్పడం దేనికంటే, దొంగ పనిని ఆలస్యం చేయడానికి. ఒక లెక్క చూద్దాం. ఆంగ్లంలోని 26 చిన్న అక్షరాలతో ఎనిమిది అక్షరాల పదాలు సుమారు 20,882 కోట్లు ఏర్పడతాయి. సెకనుకు 100 కోట్ల పదాలను పరీక్షించగల యంత్రం వాటినన్నింటినీ మూడున్నర నిమిషాలలో పూర్తిచేస్తుంది. ఒక్కొక్క పరీక్షకు లక్షరెట్లు శ్రమ పెట్టినట్లయితే అదే యంత్రానికి ఎనిమిది నెలలు పడుతుంది. మనకు తలుపు తెరవడంలో ఆ ఆలస్యం రెప్పపాటు మాత్రమే. ఈ కార్యానికి పీబీకేడీఎఫ్2 అనే పద్ధతిని చాలాకాలంగా వాడుతున్నారు. 2015లో ముగిసిన అంతర్జాతీయ పోటీలో గెలిచిన ఆర్గాన్2 అనే పద్ధతి కాలంతోపాటు ఎక్కువ జ్ఞాపకశక్తిని కూడ యంత్రం నుండి కోరుతుంది గనుక దొంగకు మరింత భారమవుతుంది.

ఇక భాండాగారం ఉండే చోటు సంగతి. ప్రధానంగా మూడు చోట్లు ఉన్నాయి.

మొదటిది మన సొంత యంత్రం. 2003లో డొమినిక్ రైచెల్ రూపొందించిన కీపాస్ ఈ కోవకు చెందినది. సంకేతపదాలన్నీ గుప్తీకరించిన ఒకే ఒక ఫైలుగా మన కంప్యూటరులోనో, పెన్‌డ్రైవులోనో ఉంటాయి. ఏ సంస్థ సర్వరుకూ పోవు. ఇది ధాన్యాన్ని ఇంటి గాదెలో పోసుకోవడం వంటిది. ఊరి గిడ్డంగి దోపిడీకి గురైనా మన గాదెకు ముప్పు లేదు. కాని ఇల్లు తగులబడితే గాదె కూడ పోతుంది. కంప్యూటరు పాడై, రెండవ ప్రతి లేకపోతే సర్వం కోల్పోతాము. ఇంటి గాదెకు పందికొక్కుల బెడద కూడ ఉన్నట్లే, యంత్రంలో దుష్ట ప్రోగ్రాము చొరబడితే ఈ పద్ధతి కూడ కాపాడలేదు. కీపాస్‌లో 2023లో ఒక లోపం బయటపడింది. టైపు చేసిన మూలసంకేతపు జాడలు, మొదటి అక్షరం తప్ప, కంప్యూటరు జ్ఞాపకంలో మిగిలిపోతున్నట్లు తేలింది. ఆ ఏడాది జూన్‌లోనే దానిని సరిదిద్దారు.

రెండవది సంస్థల సర్వరు. వన్‌పాస్‌వర్డ్, బిట్‌వార్డెన్, లాస్ట్‌పాస్ మొదలైనవి ఈ తరహావి. ఫోనులోను, కంప్యూటరులోను ఒకే భాండాగారం కనబడుతుంది. ఫోను పోయినా పదాలు పోవు. ఈ పద్ధతిలో గుర్తించవలసిన విషయం ఒకటి ఉంది. గుప్తీకరణ మన యంత్రంలోనే జరుగుతుంది. సర్వరుకు చేరేది తాళం వేసిన పెట్టె మాత్రమే. మూలసంకేతం సంస్థకు తెలియదు. బ్యాంకు లాకరులో మనమే తాళం వేసి దాచిన ఇనుపపెట్టె వంటిది ఇది. బ్యాంకువారు పెట్టెను కాపాడతారు గాని, అందులో ఏమున్నదో ఎరుగరు. వన్‌పాస్‌వర్డ్ అయితే మూలసంకేతంతో పాటు మన యంత్రంలో పుట్టిన మరొక దీర్ఘ రహస్యాన్ని కూడ జతచేస్తుంది. సర్వరులోని పెట్టెను ఎత్తుకుపోయినవానికి మూలసంకేతం ఊహించినంత మాత్రాన అది తెరుచుకోదు.

మూడవది బ్రౌజరు. ‘ఈ పాస్‌వర్డును గుర్తుంచుకోమంటారా?’ అని క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటివి అడుగుతూ ఉంటాయి. ఇది సులువైన మార్గమే. పదాలు ఇక్కడ కూడ గుప్తీకరించి ఉంటాయి. కాని కంప్యూటరు వాడుకదారుగా లోపలికి ప్రవేశించినవానికి ఆ తాళం పెద్ద అడ్డు కాదు. ఫైర్‌ఫాక్స్‌లో ప్రత్యేకంగా ‘ప్రైమరీ పాస్‌వర్డ్’ పెట్టుకోని పక్షంలో, తాళం వేసి తాళపుచెవిని గుమ్మానికే తగిలించినట్లు అవుతుంది. కళాశాల ప్రయోగశాలలోను, ఇంటర్నెట్ కేంద్రంలోను నలుగురు వాడే కంప్యూటరులో ఆ ప్రశ్నకు ‘సరే’ అనడం ఎంత ప్రమాదకరమో దీనినిబట్టి గ్రహించవచ్చు.

సర్వరులో దాచిన పెట్టె దొంగల చేతికి చిక్కితే ఏమవుతుంది? దీనికి సమాధానం ఊహించవలసిన పనిలేదు. 2022లో లాస్ట్‌పాస్‌లో అదే జరిగింది. ఆ సంవత్సరం ఆగస్టులో దొంగలు ఆ సంస్థ ప్రోగ్రాముల మూలప్రతిని, సాంకేతిక పత్రాలను అపహరించారు. తరువాత సంస్థలో ముఖ్యమైన తాళాలు అందుబాటులో ఉన్న ఒక ఇంజనీరు ఇంటి కంప్యూటరుపై గురిపెట్టారు. అందులోని వేరొక సంస్థవారి వినోద సాఫ్ట్‌వేరులో ఉన్న లోపం ద్వారా చొరబడి, అతడు టైపు చేసే ప్రతి మీటను నమోదు చేసే ప్రోగ్రామును దించారు. ఆ విధంగా అతని మూలసంకేతం వారికి దొరికింది. దాని సాయంతో ఖాతాదారుల భాండాగారాల ప్రతులను ఎత్తుకుపోయారు. ఈ సంగతిని సంస్థ 2022 డిసెంబరు 22న ప్రకటించింది.

ఆ ప్రతులలో సంకేతపదాలు గుప్తీకరించే ఉన్నాయి. కాని వెబ్‌సైట్ల చిరునామాలు గుప్తీకరించి లేవు. కావున ఎవరికి ఏ బ్యాంకులో, ఏ సంస్థలో ఖాతా ఉన్నదో దొంగలకు తెలిసిపోయింది. పెట్టె తెరవకపోయినా, ఏ పెట్టె విలువైనదో పైనే రాసిపెట్టినట్లయింది. అంతేకాదు, కొన్ని పాత ఖాతాలలో మూలసంకేతాన్ని తిప్పే సంఖ్య లక్షకు బదులు 5,000 మాత్రమే ఉండిపోయింది. అంతకన్న తక్కువ ఉన్నవి కూడ ఉన్నాయి. బలమైన మూలసంకేతం పెట్టుకొన్నవారి పెట్టెలను తెరవడం దుస్సాధ్యం. బలహీనమైన మూలసంకేతం గలవారి పెట్టెలను తీరికగా, ఒక్కొక్క ఊహతో పరీక్షించే అవకాశం దొంగలకు చిక్కింది. 2024 జనవరిలో అమెరికాలో సుమారు 15 కోట్ల డాలర్ల విలువగల క్రిప్టో ధనం చోరీ అయింది. 2022లో దాడికి గురైన ఒక పాస్‌వర్డ్ మేనేజర్ నుండి పోయిన సమాచారమే దానికి దారితీసి ఉంటుందని అక్కడి దర్యాప్తు అధికారులు 2025లో న్యాయస్థానానికి తెలిపారు.

ఈ ఘటనలో మరొక కఠోర సత్యం దాగి ఉంది. దొంగ చేతిలో ఉన్న ప్రతికి పాత మూలసంకేతమే తాళం. తరువాత మనం మూలసంకేతాన్ని మార్చినా ఆ ప్రతికి అది వర్తించదు. అప్పుడు చేయవలసింది లోపల దాచిన ప్రతి సంకేతపదాన్ని ఆయా వెబ్‌సైట్లలోనే మార్చడం. ముందుగా ఈ-మెయిలు, ఆ తరువాత బ్యాంకు, ఆపైన మిగిలినవి.

అయితే అన్ని గుడ్లను ఒకే గంపలో పెట్టడం అవివేకం కాదా అని కొందరు ప్రశ్నిస్తారు. ప్రశ్న సహేతుకమే. కాని దానికి ప్రత్యామ్నాయం ఏమిటో కూడ చూడాలి. ఒకే పదాన్ని అన్ని ఖాతాలకు వాడేవాడు కూడ ఒకే గంపను వాడుతున్నాడు. పైగా ఆ గంపను నలభై వెబ్‌సైట్ల గుమ్మాల వద్ద విడిచివస్తున్నాడు. వాటిలో అతి బలహీనమైన గుమ్మం ఎంత భద్రమో అతని సర్వస్వం అంతే భద్రం. భాండాగారం వాడేవాడు ఒకే గుమ్మానికి కావలి కాస్తే చాలు. లాభనష్టాలు బేరీజు వేసినప్పుడు భాండాగారమే మేలు. కాని అది కావలి కాసేవానికి మాత్రమే మేలు.

ఆ కావలిలో మొదటిది మూలసంకేతం. పేరు, పుట్టినతేదీ, అభిమాన నటుని పేరు, ప్రసిద్ధ పద్యపాదం, సామెత పనికిరావు. లోకోక్తి మనకు ఎంత సులభంగా గుర్తుంటుందో దొంగకు అంత సులభంగా తడుతుంది. పొంతనలేని మాటలను యాదృచ్ఛికంగా ఏరి వరుసగా పేర్చడం ఉత్తమం. పాచికలు వేసి 7,776 పదాల పట్టిక నుండి మాటలను ఎన్నుకొనే పద్ధతి 1995 నుండి వాడుకలో ఉంది. అటువంటి ఆరు మాటల వరుసను, పైన చెప్పిన నెమ్మదైన పద్ధతిలో సెకనుకు పదివేల చొప్పున ఊహిస్తూ పోతే, అన్నింటినీ ముగించడానికి సుమారు 70 వేల కోట్ల సంవత్సరాలు కావాలి. ‘చింతాకు, గొడుగు, రైలు, మృదంగం, ఉప్పు, తూనీగ’ వంటి వరుస మనసులో ఒక వింతబొమ్మగా నిలిచిపోతుంది. ఇక్కడ అచ్చయిన ఈ వరుసను మాత్రం ఎవరూ వాడరాదు.

రెండవ కావలి, సీతాదేవి చూడామణి వలె, మన వద్ద ఉండే వస్తువు. భాండాగారానికి, ఈ-మెయిలుకు రెండంచెల పరీక్షను అమర్చుకోవాలి. ఓటీపీని ఎవరు అడిగినా చెప్పరాదు. అయితే ఈ అంచె సర్వరు గుమ్మం వద్ద దొంగను ఆపుతుందే గాని, ఇదివరకే ఎత్తుకుపోయిన పెట్టెకు సాధారణంగా అడ్డురాదు. అక్కడ మనలను కాపాడేది మూలసంకేతపు బలమే.

మూడవది జ్ఞప్తి. దుష్యంతుడు ఇచ్చిన ఉంగరం నదిలో జారిపోయినందున శకుంతల ఎంత కష్టపడిందో మనకు తెలుసు. మూలసంకేతాన్ని మరచినవాని స్థితి అటువంటిదే. సంస్థకు ఆ పదం తెలియదు గనుక తిరిగి ఇవ్వలేదు. అది లోపం కాదు, భద్రతకు మనం చెల్లించే మూల్యం. కావున మూలసంకేతాన్ని ఒక కాగితంపై రాసి ఇంటి బీరువాలో దాచడం మంచిది. సముద్రాలకు ఆవల ఉన్న దొంగ మన బీరువాను తెరవలేడు.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడ మోసం జరిగితే సిగ్గుపడి దాచరాదు. మనదేశంలో 1930 అనే నంబరుకు వెంటనే తెలపాలి. డబ్బు చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం తొలి గంటలలోనే ఎక్కువ.

దాచిన చోటు ముఖ్యమే. అయితే ఏ రూపంలో దాచారు, తాళపుచెవి ఎవరి చేతిలో ఉంది అనేవి అంతకంటె ముఖ్యమైన ప్రశ్నలు. పెట్టె దొంగ చేతిలో పడినా తెరుచుకోకుండా ఉండాలంటే, అది తయారుచేసినవాని నైపుణ్యం సగం, తాళం వేసినవాని వివేకం సగం. మొదటి సగం శాస్త్రజ్ఞులు సమకూర్చారు. రెండవ సగం మన ఏకైక బాధ్యత.

కఠిన పదాలు – అర్థాలు

అభిజ్ఞానం : ఆనవాలు, గుర్తు
భాండాగారం : విలువైన వస్తువులను దాచే గది
గుప్తీకరణ : ఇతరులకు తెలియని రూపంలోకి మార్చడం
యథాతథంగా : ఉన్నది ఉన్నట్లుగా
సంజ్ఞాలిపి : గుర్తులతో కూడిన రహస్యలిపి
గాదె : ధాన్యం నిలువచేసే కట్టడం
దుస్సాధ్యం : సాధించడానికి మిక్కిలి కష్టమైనది
యాదృచ్ఛికంగా : ముందుగా అనుకోకుండా
బేరీజు వేయు : ఎక్కువ తక్కువలు లెక్కచూచు

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. సంకేతపదాల భాండాగారం ఉండే మూడు చోట్లను, వాటి గుణదోషాలను వివరించండి.
2. 2022లో జరిగిన లాస్ట్‌పాస్ చోరీ నుండి మనం నేర్చుకోవలసిన పాఠాలు ఏవి?

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. సీతాదేవి ఇచ్చిన రెండు గుర్తులకు, నేటి రెండంచెల పరీక్షకు గల పోలిక ఏమిటి?
2. వెబ్‌సైటుకు పనికివచ్చే ‘హ్యాష్’ పద్ధతి భాండాగారానికి ఎందుకు పనికిరాదు?
3. మూలసంకేతాన్ని ఎలా ఎన్నుకోవాలి?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కెర్కాఫ్స్ చెప్పిన సూత్రం ఏది?
2. కీపాస్‌ను రూపొందించినది ఎవరు?
3. ఏఈఎస్ పద్ధతి ఏ సంవత్సరంలో ప్రామాణికమైంది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. “సంకేతపదం పుట్టిన మరుసటి ఏడే దాని చోరీ కూడ పుట్టిందన్నమాట.”
2. “అది లోపం కాదు, భద్రతకు మనం చెల్లించే మూల్యం.”

V. భాషాంశాలు
సంధులు :
భాండాగారం = భాండ + ఆగారం – సవర్ణదీర్ఘ సంధి
లోకోక్తి = లోక + ఉక్తి – గుణ సంధి
ఏకైక = ఏక + ఏక – వృద్ధి సంధి
ప్రత్యక్షరం = ప్రతి + అక్షరం – యణాదేశ సంధి

సమాసాలు :
లాభనష్టాలు – లాభమును నష్టమును – ద్వంద్వ సమాసం
గుప్తలిపి – గుప్తమైన లిపి – విశేషణ పూర్వపద కర్మధారయం
ఇనుపపెట్టె – ఇనుముతో చేసిన పెట్టె – తృతీయా తత్పురుషం
అరవైనాలుగు కళలు – అరవైనాలుగు సంఖ్య గల కళలు – ద్విగు సమాసం

VI. రచన
‘అన్ని రహస్యాలను ఒకేచోట దాచడం వివేకమా?’ అనే విషయంపై అనుకూల, ప్రతికూల వాదాలతో ఒక చర్చావ్యాసం రాయండి.